ఎక్కడికీ వెళ్లని బండికి ఆయిలెందుకు?

ఆవిడ కుడికాలు ఆవిడ మాట వినదు. ఆటోలో వెనక సీట్లో కూర్చున్నా సరే, ముందు ఏ సైకిలో అడ్డం వస్తే ఆ కాలు నేలను గట్టిగా తొక్కుతుంది. సినిమా హాల్లో తెర మీద కారు మలుపు తిరిగితే తొక్కుతుంది. ఇంట్లో భర్త ఏదో చెప్పడం మొదలుపెట్టి ఎక్కడెక్కడికో పోతుంటే బల్ల కింద మెల్లగా తొక్కుతుంది.

"తొక్కావా?" అంటాడాయన మధ్యలో ఆగి.

"తొక్కాను."

ఆయన నవ్వేసి, చెప్పే సంగతిని అక్కడితో ఆపేస్తాడు.

ఊళ్లో అందరూ ఆవిణ్ణి బ్రేకు మేడం అంటారు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ల పక్క సీటు ఆవిడది. ఆ సీటు ముందు స్టీరింగు ఉండదు. కాళ్ల దగ్గర మాత్రం ఒక క్లచ్చు, ఒక బ్రేకు అదనంగా ఉంటాయి. పక్కవాళ్లు భయంతో అన్నీ మరిచిపోయినప్పుడు తొక్కడానికి. పెళ్లయిన కొత్తలో అక్క మొగుడి దగ్గరే ఆవిడ బండి నేర్చుకుంది. స్కూలు ఆయనదే. ఆయన నేర్పితే గొంతు వీధి చివరిదాకా వినిపించేది. వచ్చిన ఆడవాళ్లు వచ్చినట్టే పారిపోతుంటే అక్కే ఒక రోజు, "మీరు అరుస్తారు, మా చెల్లి అరవదు. దాన్ని కూర్చోబెట్టండి" అంది. అప్పుడు కూర్చున్న మనిషి ఇప్పటికీ దిగలేదు. నేర్చుకున్నవాళ్లు ఎటెటో వెళ్లిపోయారు. వాళ్ల కార్లు అప్పుడప్పుడు ఎదురొచ్చి హారన్ కొట్టి నవ్వుతాయి. ఆవిడ కూడా చెయ్యి ఊపుతుంది, కాలు బ్రేకు మీంచి తియ్యకుండానే.

స్కూలుకి రెండు కార్లున్నాయి. పెద్దది బావది. లైసెన్సు వచ్చినవాళ్లకి పెద్ద రోడ్ల మీద అలవాటు చేయించడానికి ఆయన దాన్ని చాలా దూరాలు తిప్పుతాడు. బూడిదరంగు చిన్న కారు మేడంది. మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలంలో ఇనప పీపాలు నిలబెట్టి ఉంటాయి. వాటి చుట్టూ తిరగడమే దాని బతుకు. ఫస్టు గేరు, సగం క్లచ్చు, కాస్త ముందుకి, కాస్త వెనక్కి, ఒక కుదుపు, ఆగిపోవడం, మళ్లీ తాళం. పొద్దున్న మంచు కరగని మట్టిలో చక్రాలు గీసిన గీతల మీదే మధ్యాహ్నం గీతలు పడతాయి, వాటి మీదే సాయంత్రపు గీతలు. చీకటి పడేసరికి ఆ నేల ఎవరో చిన్నపిల్లలు కొట్టేసి మళ్లీ రాసిన పలకలా ఉంటుంది. ఇంజిను మాత్రం పొద్దుణ్ణుంచీ ఊపిరి పీల్చుకోకుండా పనిచేస్తూనే ఉంటుంది. కిలోమీటర్ల అంకెలు కదలవు. వాటికి దూరం ఒక్కటే తెలుసు.

గొడవంతా అక్కడే మొదలైంది.

ఆఫీసు గదిలో గోడకి ట్రాఫిక్ గుర్తుల చార్టు ఉంది. ఎండ తగిలి తగిలి అందులో 'ఆగుము' గుర్తు ఎరుపు పోయి గులాబీరంగుకి తిరిగింది. దాని కింద అక్క కౌంటరు, పక్కన బావ కుర్చీ.

"బావా, ఆయిలు మార్పించాలి" అంది మేడం ఒక రోజు చేతులు కడుక్కుంటూ.

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "మొన్నేగా మార్చాం."

"మొన్నా? అక్క ఈ పరదాలు కట్టకముందు మార్చాం."

కిటికీ పరదాల రంగు ఎప్పుడో వెలిసిపోయింది.

"అద్దం మీద స్టిక్కర్లో ఏం రాశారు? పదివేల కిలోమీటర్లకి. ఎంత తిరిగింది?"

"అందులో సగం కూడా తిరగలేదు."

"మరి?"

"తిరగలేదు బావా, నడిచింది. రోజంతా ఇంజిను ఆన్లోనే ఉంటుంది కదా."

"నడిచి ఎక్కడికెళ్లింది?"

"ఎక్కడికీ వెళ్లలేదు."

"ఎక్కడికీ వెళ్లని బండికి ఆయిలెందుకమ్మా?" అని ఆయన అక్క వైపు తిరిగాడు. "నీ చెల్లెలు నన్ను ముంచడానికే పుట్టింది."

"మిమ్మల్ని ముంచాలంటే ఆయిలు చాలదు, చెరువు కావాలి" అంది అక్క ఆయన పొట్ట వైపు చూసి.

ముగ్గురూ నవ్వారు. మేడం నవ్వు మిగతా ఇద్దరి కంటే ముందే ఆగిపోయింది.

"నల్లగా అయిపోయింది బావా. తారులా ఉంది."

"నల్లబడితే పనిచేస్తోందని అర్థం. తెల్లగా ఉంటే అనుమానించాలి."

బావ పిసినారి కాదు. స్కూలు పెట్టిన కొత్తలో ఒక షెడ్డువాడు ఆయన్ని ఘోరంగా మోసం చేశాడు. ఆయిలు మార్చానని చెప్పడం, పాతదాన్నే ఉంచి పంపడం. అది బయటపడ్డ రోజునుంచి ఆయన మనుషుల మాట నమ్మడం మానేసి, అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం మొదలుపెట్టాడు. స్టిక్కరు మీద అంకె ఉంది. ఆ అంకె వచ్చేదాకా బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా చెవిన వేసుకోడు. పెద్ద కారుకి ఆ అంకె ఇట్టే వచ్చేస్తుంది. రాగానే మర్నాడే మార్పిస్తాడు. "చూడు, నా బండి ఎంత బుద్ధిగా ఉందో" అంటాడు పైగా. మేడంకి ఒళ్లు మండిపోయేది. ఎండలో పరిగెత్తేవాడికి మంచినీళ్లిచ్చి, నిలబడి రాళ్లు కొట్టేవాడితో 'నువ్వు కదల్లేదు కదా' అంటే ఎలా ఉంటుంది?

మళ్లీ అడిగింది. ఇంకోసారి అడిగింది. కొత్తగా చేరినవాళ్ల ముందు అడిగింది, భోజనాల దగ్గర అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆయన స్టిక్కరు చూపించేవాడు. విసిగిపోయిన ఒక రోజు మాత్రం ఇంకో మాట అన్నాడు.

"ఆ బండి సంగతి నాకొదిలెయ్. ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు. పోయిందంటే ఇంకోటి కొనను. ఎండలో ఆ ఖర్మ నీకెందుకు? మీ అక్కతో పాటు కౌంటర్లో కూర్చుందువుగాని, నీడపట్టున."

ఆయన ప్రేమగానే అన్నాడు. అదే ఆవిడకి గుండెలో రాయి పడ్డట్టయింది. అక్క పక్కన ఇంకో కుర్చీ, గులాబీరంగు 'ఆగుము' కింద. ఫోనెత్తి, "చెప్పండి, డ్రైవింగ్ స్కూలు" అనడం. కాలి కింద చదును నేల తప్ప ఇంకేమీ లేకపోవడం. మొదటిసారి క్లచ్చు వదిలి బండి తనంతట తాను కదిలినప్పుడు పక్క మనిషి గొంతులోంచి వచ్చే ఆ చిన్న కేక, భయమూ సంతోషమూ విడదీయలేని కేక, ఇక ఎప్పుడూ వినలేకపోవడం. అప్పట్నుంచీ ఆవిడకి ఆయిలంటే ఆయిలు కాదు. తన సీటు.

రోజూ పొద్దున్నే బానెట్టు ఎత్తి, ఆయిలు మట్టం చూసే కడ్డీని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడటం ఆవిడ అలవాటు. ఒక పొద్దున అలా చూస్తుంటే బావ వచ్చాడు. చుట్టూ కొత్తవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు.

"చూశారా, మా మరదలు కారుకి రోజూ జ్వరం చూస్తుంది" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. ఒకావిడైతే, "నాలిక కూడా చూపించమనండి" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది మేడంకి. కడ్డీని ఉన్నచోట గుచ్చేసింది. బానెట్టు ధడేల్మని మూసింది.

"సరే బావగారూ. మీ బండి, మీ ఇష్టం. ఇక నేను చూడను."

కోపం వస్తేనే ఆవిడ బావని మీరంటుంది. ఆయనకి అది తెలుసు. పెద్ద కారెక్కి వెళ్లిపోయాడు. ఆవిడ అన్నంత పనీ చేసింది. మర్నాడు చూడలేదు, ఆ మర్నాడూ చూడలేదు. రోజూ పొద్దున్నే బానెట్టు పక్కనుంచి మొహం తిప్పుకుని నడిచేది, మాటలు మానేసిన బంధువుల ఇంటి ముందునుంచి నడిచినట్టు.

ఆ రోజుల్లోనే టైలరమ్మ చేరింది.

బజారులో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఆవిడది. స్కూళ్లకి యూనిఫారాలు కుట్టి తనే చేరవెయ్యాలని యాభై దాటాక బండి నేర్చుకోవడానికి వచ్చింది. మేడంకి తల ప్రాణం తోకకొచ్చేది ఆవిడతో. రోడ్డు తప్ప అన్నీ చూస్తుంది. గోడ మీద పిల్లి, పీపా మీద తుప్పు, పక్కనుంచి పోయేవాళ్ల కాలర్లు.

"మేడం, మీ కుడి చెయ్యి దగ్గర కుట్టు వదిలింది. రేపు తీసుకురండి, వేసిస్తా."

"పీపా! పీపా చూడండమ్మా!"

"చూశానండీ. దానికి తగలనుగా, మీరున్నారుగా."

బండి కుదిపేసి ఆగిపోయేది. ఆగగానే స్టీరింగు వెనక మీటర్ల పలకలో ఎర్రలైట్లన్నీ ఒక్కసారిగా వెలిగేవి. కొత్తవాళ్లందరికీ అదే భయం. అంత ఎరుపు చూసి ఏదో పేలిపోతుందనుకుంటారు. అందుకే మేడం ఎప్పుడో ఒక పాఠం తయారుచేసుకుంది. ఒక్క ఊపిరిలో చెప్పేస్తుంది: "ఎర్రలైట్ల సంగతి వదిలెయ్. క్లచ్చు తొక్కు, న్యూట్రల్ చెయ్యి, తాళం తిప్పు, రోడ్డు చూడు." ఆ మాటతో ఎందరి భయమో పోయింది. ఎప్పుడో నేర్చుకుని వెళ్లినవాళ్లు కూడా బజార్లో కనిపిస్తే, "ఎర్రలైట్ల సంగతి వదిలెయ్" అని పలకరిస్తారు. తను నేర్పిన వాటిలో అంత బాగా తలకెక్కింది ఇంకోటి లేదని ఆవిడకి గర్వం కూడా.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. మిల్లు గోడ నీడ గోడ కిందికే ముడుచుకుపోయింది. టైలరమ్మ రెండు పీపాల చుట్టూ ఎనిమిది అంకెలా బండి తిప్పుతోంది, నత్త సిగ్గుపడేంత నెమ్మదిగా. మేడం కాలు బ్రేకు మీద, కళ్లు పీపాల మీద ఉన్నాయి. పక్క సీట్లోంచి లైట్లు సరిగా కనిపించవు. ఆవిడ వాటిని చూసి కూడా చాలా కాలమైంది.

"మేడం, ఎర్రలైటు."

"వదిలెయ్. క్లచ్చు తొక్కు, న్యూట్రల్..."

"బండి ఆగలేదండీ. నడుస్తూనే ఉంది."

"నడుస్తుంటే ఇంకేం? రోడ్డు చూడండి."

"ఆరుతోంది, వెలుగుతోంది. ఒక్కటే."

"అబ్బబ్బా! ఆ లైట్లు వదిలెయ్యమన్నానా? ఎన్నిసార్లు చెప్పాలి?"

టైలరమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. అయినా కళ్లు తిప్పలేదు. "అది కాదండీ... మా కుట్టుమిషనుకి నూనె వేసే డబ్బా లేదూ, పొడుగు మూతిది, అచ్చం ఆ బొమ్మే. మూతి దగ్గర చుక్క కూడా వేశారు."

మేడం నోరు ఇంకా "వదిలెయ్" అంటూనే ఉంది. కాలు ఈసారి మాత్రం నోటి మాట వినకుండా మంచి పని చేసింది. బ్రేకు పడింది. చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజిను ఆపేసింది.

అంత నిశ్శబ్దం ఆ స్థలంలో ఎప్పుడూ లేదు. మిల్లు గోడ మీద పావురాలు కాళ్లు మార్చుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది.

కాసేపాగి ఆవిడ దిగి బానెట్టు ఎత్తింది. కడ్డీ లాగి, తుడిచి, ముంచి, మళ్లీ లాగింది. ఉండాల్సిన గీతకి చాలా కింద, చిట్టచివర, కాటుకలాంటి మరక. అంతే.

'చెప్పానా, నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా' అని బావని తిట్టుకోవడానికి ఆవిడ మనసు సిద్ధంగా ఉంది. ఎన్నాళ్లుగానో దాచుకున్న తిట్లు. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ కడ్డీ ఎవరి చేతిలో ఉంది? ఇన్నాళ్లూ మొహం తిప్పుకుని నడిచిందెవరు? ఆ లైటు చూడొద్దని ఊరందరికీ నేర్పిందెవరు?

"అయిపోయిందా నూనె?" టైలరమ్మ పక్కకొచ్చి తొంగిచూసింది. "మా మిషను అంగుళం కదలదు. అయినా పొద్దున్నే చుక్క వెయ్యందే దాని మీద చెయ్యి వెయ్యను. మీరు ఎన్నాళ్లకోసారి వేస్తారు?"

"పదివేల కిలోమీటర్లకి."

"అంటే ఎన్నాళ్లు?"

మేడం కడ్డీ తుడిచి ఉన్నచోట గుచ్చింది.

"ఇది ఎక్కడికెళ్తుందండీ, కిలోమీటర్లు రావడానికి?" అంది టైలరమ్మ అమాయకంగా.

మేడం ఫోన్ తీసి బావకి చేసింది.

"లైటొచ్చిందా? వస్తే వచ్చిందిలే. షెడ్డు రెండు వీధులే కదా, మెల్లగా నడుపుకుంటూ వెళ్లిపో."

"నడపను."

"రెండు వీధులేనమ్మా!"

"ఒక్క అడుగు కూడా నడపను. ఇంజిను పట్టేసి బిగుసుకుపోతుంది. తాడు తీసుకుని రండి."

'రండి' విన్నాక ఆయన తాడు తీసుకుని బయల్దేరాడు.

పెద్ద కారు వెనక చిన్న కారుని తాడుతో కట్టారు. చాన్నాళ్లకి మేడం స్టీరింగు ముందు కూర్చుంది. కూర్చుంటే ఏం లాభం, లాగేది బావ. పైగా ఆ పాడు కాలు! ముందు బావ బండి కాస్త మెల్లగా అయితే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా తొక్కేస్తోంది. తొక్కినప్పుడల్లా తాడు జివ్వున బిగిసి పెద్ద కారు కుదుపుకి ఆగుతోంది. బావ కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు.

"కాలు తియ్యి! కాలు తియ్యమ్మా తల్లీ! నేను నడుపుతున్నానా, నువ్వు ఆపుతున్నావా?"

"మీరే మెల్లగా పోతున్నారు!"

"నేను పోతుంటే కదా!"

రోడ్డు పక్క పూల దుకాణం వాడు పని మానేసి చూశాడు. వెనక సీట్లో టైలరమ్మ మాత్రం చాలా సంతోషంగా కూర్చుంది. మొదటిసారి ఆవిణ్ణి ఎవరూ రోడ్డు చూడమనలేదు.

షెడ్డులో మెకానిక్ కారు కిందికి దూరి మర విప్పాడు. ఆయిలు ధారగా రాలేదు. రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కాస్త సాగి, ఆగి, ముద్దలా పళ్లెంలో పడింది. అతను వేలితో రాసి చూసి పెదవి విరిచాడు.

"స్కూలు బండా సార్ ఇది?"

"అవును. కానీ పదివేలు ఇంకా కాలేదు" అన్నాడు బావ. స్టిక్కరు చూపించబోయాడు.

"అది రోడ్డు మీద పోయే బండికి సార్. దానిక్కూడా కిలోమీటర్లయినా నెలలైనా, ఏది ముందొస్తే అప్పుడు. ఇలా నిలబడి, ఆగి, ఎండలో వేడెక్కే బండికి అందులో సగానికే మార్చెయ్యాలి. మధ్యమధ్యలో మట్టం చూసుకుని తగ్గితే పొయ్యాలి. పాత ఇంజిను కదా, కొంచెం కొంచెం తాగేస్తుంది. ఎవరూ చూడట్లేదా?"

"మా మరదలు రోజూ..." అని మొదలుపెట్టి బావ ఆగిపోయాడు.

"మానేశాను" అంది మేడం.

"ఎందుకక్కా?" అన్నాడు మెకానిక్.

"నవ్వారని."

బావ ఎండలోకి వెళ్లి, ఎవరికీ చెయ్యని ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు.

ఫిల్టరు మార్చి, లోపల కడిగి, కొత్త ఆయిలు పోశారు. తేనెరంగులో, వెలుతురు పడితే అవతలి వైపు కనిపించేంత తేటగా ఉంది. మెకానిక్ తాళం తిప్పాడు. మేడం గుడ్లప్పగించి లైటు వైపు చూసింది. వెలిగింది. ఆరింది. ఇంజిను అందుకుంది. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకోబోతుంటే వినిపించింది, లోపలెక్కడో సన్నగా, టక్ టక్ టక్.

"ఏంటది?"

"అరిగిందక్కా. ఆ చప్పుడు ఇక పోదు. బండి నడుస్తుంది. ఎన్నాళ్లని మాత్రం నన్నడక్కండి."

బండి బతికింది. సీటు కూడా ఉంది. చప్పుడు మిగిలింది.

మర్నాడు ఆవిడ ఆఫీసులోకి వచ్చేసరికి బావ కొత్తగా చేరిన ఇద్దరికి చెబుతున్నాడు. "స్కూలు బండికి కిలోమీటర్లు చూడకూడదండీ. అది పెద్ద పొరపాటు. ఇంజిను ఎంతసేపు నడిచింది, అది చూడాలి. మూణ్ణెల్లకోసారి కళ్లు మూసుకుని మార్చెయ్యాలి. నేను మొదట్నుంచీ చెప్పేదదే."

మేడం గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క పెదవులు బిగబట్టి పరదా వైపు చూస్తోంది, ఎక్కడ నవ్వు బయటపడుతుందోనని.

"మొదట్నుంచీనా బావా?"

"మరి? నువ్వు వినాలిగా!" అన్నాడాయన, చెక్కుచెదరకుండా.

ఇంత సుతారంగా అబద్ధమాడేవాణ్ణి ఏం చెయ్యాలి? దెబ్బలాడదామంటే కోరుకున్నది జరిగిపోయింది. ఊరుకుందామంటే కడుపు ఉడికిపోతోంది. ఆవిడ కుడికాలు చదును నేలని కసిదీరా తొక్కింది. ఆ తర్వాత ఆవిడ తుడిచే గుడ్డ తీసుకుని బయటికి వెళ్లి, బానెట్టు ఎత్తి, అందరూ చూస్తుండగా కడ్డీ బయటికి లాగింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది ఆవిడకి. సమాధానం సిద్ధంగా పెట్టుకుంది మరి.

ఆ సాయంత్రం కొత్తమ్మాయిని మొదటిసారి రోడ్డు మీదికి తీసుకెళ్లింది. నాలుగు దారులు కలిసేచోట క్లచ్చు ఒక్కసారిగా వదిలేసింది అమ్మాయి. బండి ఎగిరి ఆగిపోయింది. ఎర్రలైట్లన్నీ వెలిగాయి.

"ఎర్రలైట్ల సంగతి..." మేడం నాలుక చివరిదాకా వచ్చేసింది మాట. పళ్లతో పట్టుకుంది.

"క్లచ్చు తొక్కు. న్యూట్రల్ చెయ్యి. తాళం ముట్టుకోకు. ముందు లైట్లు చూడు. ఏమేం ఉన్నాయి?"

"మేడం, వెనక బస్సు..."

"బస్సుని ఉండనీ. పొడుగు మూతి డబ్బా బొమ్మ ఏది?"

"ఇదా?"

"అది బ్యాటరీ."

"మేడం, హారన్ కొడుతున్నాడు మేడం!"

"కొట్టనీ. డబ్బా ఏది?"

"ఇది... ఇదేనా?"

"అదే. ఇప్పుడు తాళం తిప్పు. దాన్నే చూడు. ఆరిందా?"

"ఆరింది. పోదామా మేడం? ప్లీజ్!"

"నిజంగా చూశావా, నా కోసం చెబుతున్నావా?"

వెనక బస్సు డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏమ్మా, నిద్రపోతున్నారా లోపల?"

మేడం కిటికీ అద్దం దింపింది. ఇన్నాళ్ల చిరాకంతా, బావ మీదిదీ తన మీదిదీ, ఆ ఒక్క బస్సు వాడికే దొరికింది.

"ఆగవయ్యా! నేర్చుకుంటున్నాం, కనపట్టం లేదా?"

అద్దం ఎత్తేసింది. కొత్తమ్మాయి ఏడుపు మొహంతో క్లచ్చు మెల్లగా వదిలింది. టక్ టక్ మంటూ బండి కదిలింది.